ఫరహాబాద్ కొండల నుంచి కడలి తీరం దాకా.. పక్షుల వెంట నడిచిన సలీం అలీ

యాదగిరిగుట్ట:

కార్తీక మాసం వచ్చిందంటే గుట్ట మీద సత్యనారాయణ వ్రతాల సందడి మొదలవుతుంది. కొండ కింద సత్రాలు నిండిపోతాయి. అదే మాసంలో పౌర్ణమి సముద్ర స్నానానికని బాపట్ల సమీపంలోని సూర్యలంకకు బస్సులు మాట్లాడుకుని వెళ్లే కుటుంబాలూ మన పల్లెల్లో ఉన్నాయి. దాదాపు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించి తీరం చేరిన యాత్రికులు అలల్లో మునిగి, ఇసుకలో దీపాలు వెలిగించి తిరుగు ప్రయాణమవుతారు. సరిగ్గా అవే రోజుల్లో ఉత్తర ధ్రువానికి చేరువలోని సైబీరియా మైదానాల నుంచి వేలాది కిలోమీటర్లు ఎగిరి వచ్చిన చిన్న చిన్న పక్షులు అదే తీరంలో, నీటి అంచున పరుగులు తీస్తూ ఉంటాయి. వాటి వంక చూసేవారు తక్కువ. చూసినా, ఏదో పిట్ట అనుకుని ముందుకు సాగిపోతారు.

ఏదో పిట్ట అనుకోకుండా, అది ఏ పిట్టో తెలుసుకోవాలన్న పట్టుదలను దేశానికి నేర్పిన వ్యక్తి సలీం అలీ. ఆయన జన్మదినమైన నవంబర్ 12 కూడా ఈ వలస పక్షుల రుతువులోనే వస్తుంది. ఆ రోజును పక్షి ప్రేమికులు ఏటా గుంపులు గుంపులుగా చెరువు గట్ల మీద, సముద్ర తీరాల్లో నడిచి జరుపుకుంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికి ఆయనను తలుచుకోవడానికి మరో కారణం ఉంది. పేరు ప్రఖ్యాతులు రాకముందు, చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో, ఆయన పక్షులను లెక్కించడానికి వచ్చింది అప్పటి హైదరాబాద్ సంస్థానానికే.

తూటా తగిలిన పిచ్చుక

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో జన్మించారు. తొమ్మిది మంది సంతానంలో ఆయనే కడపటివాడు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లు వచ్చేసరికి తల్లి మరణించారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. ఆ మేనమామకు వేట అలవాటు. ఇంట్లో పిల్లల చేతికి గాలి తుపాకీ ఇవ్వడం ఆనాడు వింతగా భావించే పని కాదు.

ఒకనాడు బాలుడైన సలీం కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు రంగు మచ్చ కనిపించింది. ఇంటి చూరులో గూళ్లు కట్టే పిచ్చుకలకు ఆ మచ్చ ఉండదు. ఇదేమిటని అడిగితే మేనమామకూ తెలియలేదు. ఆయన ఒక చీటీ రాసి ఇచ్చి, కుర్రవాడిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర ఆ పక్షిని గుర్తుపట్టి చెప్పడమే కాక, సొసైటీలో భద్రపరచిన పక్షుల నమూనాలను సొరుగులు లాగి ఒక్కొక్కటిగా చూపించారు. అన్ని రకాల పక్షులు దేశంలో ఉన్నాయని ఆ బాలుడికి అప్పుడే తెలిసింది. తాను పడగొట్టిన పిట్ట పేరు తెలియకపోవడమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. తలనొప్పి బాధతో బడికి కొంతకాలం దూరమయ్యారు. 1913లో అతికష్టం మీద మెట్రిక్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కళాశాలలో చేరి మధ్యలోనే వదిలి, కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మాలోని టవాయ్ వెళ్లారు. అక్కడ గనుల లెక్కల కంటే అడవిలో పక్షుల మీదే ఆయన మనసు ఎక్కువగా లగ్నమైంది. 1917లో తిరిగి వచ్చి మళ్లీ జంతుశాస్త్రం చదువుకున్నారు. 1918లో తెహ్మినా బేగంను వివాహమాడారు. భర్త పిచ్చి ఏమిటో తెలిసిన ఆమె నగర జీవితపు సుఖాలను పక్కనపెట్టి అడవి గుడారాల్లో ఆయనకు తోడుగా నిలిచారు.

ఉద్యోగం పోయింది.. గిజిగాడు దొరికింది

పెద్ద పట్టాలు లేని కారణంగా ప్రభుత్వ జంతు సర్వే సంస్థలో ఆయనకు ఉద్యోగం లభించలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే గైడ్ లెక్చరర్‌గా చేరారు. రెండేళ్ల తరువాత సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ అనే మహా పండితుడి వద్ద శిక్షణ పొందారు. గురువు అని ఆయన జీవితాంతం చెప్పుకున్నది స్ట్రెస్‌మాన్ పేరే. 1930లో స్వదేశానికి వచ్చేసరికి నిధుల కొరతతో మ్యూజియంలో ఆయన ఉద్యోగాన్నే తీసివేశారు.

దిక్కుతోచని ఆ దంపతులు బొంబాయికి ఎదురుగా, సముద్రపు ఒడ్డున ఉన్న కిహిం అనే పల్లెకు చేరారు. అక్కడ ఇంటి పరిసరాల్లో గిజిగాళ్ల కాలనీ ఒకటి కనిపించింది. మన బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు, ఈత చెట్లకు వేలాడే గూళ్లు కట్టే పిట్టే అది. ఆ రుతువంతా ఆయన ఆ గూళ్ల ఎదుటే గడిపారు. మగ గిజిగాడు గూడును సగం అల్లి ఆపుతుందని, ఆడ పక్షి వచ్చి పరీక్షించి ఒప్పుకున్న తరువాతే గూడు పూర్తి చేస్తుందని, ఒక కాపురం కుదిరాక మగపక్షి మరో గూడు అల్లడం మొదలుపెడుతుందని గమనించారు. తరతరాలుగా కోట్లాది మంది చూస్తున్న పిట్టే. ఓపికగా కూర్చుని, చూసినదాన్ని తేదీల వారీగా రాసుకున్నది ఆయన. 1931లో ఆ వివరాలు సొసైటీ పత్రికలో వెలువడడంతో పండిత లోకం ఆయన వైపు తలతిప్పింది.

నిజాం రాజ్యంలో పక్షుల లెక్క

జీతం ఇచ్చేవారు లేనప్పుడు జీతం లేని పనినే ఆయన వెదుక్కున్నారు. సంస్థానాలలో పక్షుల సర్వే ఉచితంగా చేసిపెడతానని, గుడారాలకు, ప్రయాణాలకు అయ్యే ఖర్చు భరిస్తే చాలునని ప్రతిపాదించారు. అంతకు కొద్దికాలం ముందే తూర్పు కనుమల్లో ఇటువంటి సర్వే ఒకటి జరిగింది. హైదరాబాద్ సంస్థానం మాత్రం పక్షుల పటంలో ఖాళీగానే ఉండేది. నిజాం ప్రభుత్వం అంగీకరించడంతో 1931-32లో హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే జరిగింది. ఆ తరువాతే తిరువాన్కూరు, కొచ్చిన్ వంటి సంస్థానాలు ఆయన బాట పట్టాయి.

ఆ సర్వేలో ఆయన మజిలీలలో ఒకటి నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని మన్ననూరు, ఫరహాబాద్ అడవులు అవి. చెంచుల పెంటలు తప్ప జనసంచారం అంతగా లేని ప్రదేశం. ఈనాడు ఆ ప్రాంతం నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఉంది. శ్రీశైలం వెళ్లే యాత్రికులు మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఆ అడవి గుండానే ప్రయాణిస్తారు. తొంభై ఏళ్ల క్రితం అక్కడ ఒక బక్కపలచని మనిషి, భార్యతో కలిసి గుడారం వేసుకుని, తెల్లవారుజాము నుంచి పక్షుల జాబితా రాశారన్న సంగతి ఆ దారిన పోయేవారిలో చాలా మందికి తెలియదు.

ఏ పక్షి ఎక్కడ, ఏ తేదీన, ఏ రకం అడవిలో కనిపించింది, స్థిరంగా ఉండేదా, వలస వచ్చిందా అన్న వివరాలను ఆయన నమోదు చేశారు. నమూనాల కోసం ఆనాడు తుపాకీ కూడా వాడారు. అప్పటి శాస్త్ర పద్ధతి అది. హ్యూ విస్లర్ అనే ఆంగ్లేయ నిపుణుడి వ్యాఖ్యలతో కలిపి ఆ నివేదిక 1933-34లో సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడింది. మన ప్రాంతపు పక్షుల గురించి పాత కాలంతో పోల్చి మాట్లాడాలంటే ఇప్పటికీ తెరవవలసిన పత్రం అదే.

తోక ఈక తెచ్చిన స్నేహం

ఈ విస్లర్‌తో ఆయన పరిచయం తగవుతో మొదలైంది. పసుల పోలిగాడి జాతికి చెందిన ఒక అడవి పిట్టకు తోక నుంచి రెండు పొడవాటి తీగలు, వాటి చివర ఆకుల వంటి ఈకలు వేలాడుతుంటాయి. ఆ ఈక లోపలి పక్కన కేశాలు ఉండవని విస్లర్ రాశారు. పాత గ్రంథాల నుంచి ఒకరిని చూసి ఒకరు అదే మాట రాస్తూ వచ్చారు. ఈక కాడ మెలి తిరగడం వల్ల అలా భ్రమ కలుగుతోందని, అసలు సంగతి వేరని సలీం అలీ ఎత్తి చూపారు. పేరు తెలియని భారతీయుడొకడు తన తప్పు పట్టడం ఆ దొరకు మొదట రుచించలేదు. అయినా తన వద్ద ఉన్న నమూనాలను తిరిగి పరిశీలించి, తప్పు ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ఇద్దరూ మంచి మిత్రులయ్యారు. గ్రంథంలో ఉన్నది కాక కంటికి కనిపించింది రాయాలన్న నియమం సలీం అలీని చివరిదాకా విడువలేదు.

1939లో శస్త్రచికిత్స అనంతరం తెహ్మినా మరణించారు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఆయన మరింతగా పనిలో మునిగిపోయారు. సోదరి ఇంట ఉంటూ రాసుకున్న భారతీయ పక్షుల పుస్తకం 1941లో వెలువడింది. రంగుల బొమ్మలతో, సామాన్యుడికి అర్థమయ్యే మాటలతో ఉన్న ఆ పుస్తకం చేతబట్టుకుని దేశంలో ఎందరో తొలిసారిగా పక్షుల పేర్లు నేర్చుకున్నారు. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి ఆయన రచించిన 10 సంపుటాల పక్షుల గ్రంథం 1968 నుంచి 1974 వరకు వెలువడింది.

తుపాకుల నుంచి కాలి ఉంగరాల దాకా

ఆయన జీవితకాలంలోనే పక్షుల పట్ల దేశం చూపు మారింది. 1938లో భరత్‌పూర్ చిత్తడి నేలల్లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వేట బృందం ఒక్క రోజులోనే 4,273 పక్షులను కాల్చింది. అదే భరత్‌పూర్‌ను సంరక్షిత ప్రాంతంగా నిలబెట్టడంలో సలీం అలీ పాత్ర పెద్దది. 1981లో అది జాతీయ పార్కు అయింది.

1959లో బొంబాయి సొసైటీ ఆయన నేతృత్వంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో వలస పక్షుల అధ్యయనం ప్రారంభించింది. పక్షులు వ్యాధులను దేశదేశాలకు మోసుకువస్తున్నాయా అన్న అనుమానం దానికి మూలం. వలల్లో పట్టిన పక్షి కాలికి తేలికపాటి లోహపు ఉంగరం తొడిగి, సంఖ్య రాసుకుని వదిలేవారు. ఆ పక్షి మరెక్కడైనా దొరికితే సొసైటీకి తెలపాలన్నది ఏర్పాటు. ఈ పనికి ఆయనకు ఎంతో ఇష్టమైన చోట్లలో తమిళనాడు తీరంలోని కోడియక్కరై ఒకటి. ఉప్పు కయ్యలు, బురద నేలలు ఉన్న ఆ తీరానికి శరదృతువు చివర లెక్కలేనన్ని పక్షులు దిగుతాయి. పాతిక గ్రాముల బరువైనా లేని ఉల్లంకి జాతి పిట్ట ఏటా ధ్రువ ప్రాంతం నుంచి ఇంత దూరం వచ్చి మళ్లీ వెళుతుందన్న సంగతిని ఇటువంటి ఉంగరాల ద్వారానే ప్రపంచం తెలుసుకుంది.

ఆయనను ప్రభుత్వం 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలతో గౌరవించింది. పట్టా లేదని ఒకనాడు ఉద్యోగం దక్కని ఆయనకు విశాఖ సాగర తీరంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1978లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడాది ఆయన ఆత్మకథ వెలువడింది. తాను కొట్టిన ఆ చిన్ననాటి పిచ్చుకను గుర్తుచేసే పేరే దానికి పెట్టుకున్నారు.

చివరి రోజుల్లో వచ్చిన శుభవార్త

నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ దొర 1848లో లోకానికి తెలిపిన కలివికోడి, 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అందరూ భావించారు. సలీం అలీ మాత్రం వెదకాలనే పట్టుబట్టేవారు. చివరకు 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో, స్థానికుల సాయంతో, బొంబాయి సొసైటీ బృందానికే అది తిరిగి దొరికింది. ఆ వార్త వినేనాటికి ఆయనకు 89 ఏళ్లు. మరుసటి ఏడాది, 1987లో, 90 ఏళ్ల వయసులో బొంబాయిలో కన్నుమూశారు.

కలివికోడి ఆ తరువాత మళ్లీ చాలా ఏళ్లు కానరాకుండా పోయింది. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల చిన్న బృందం ఒకటి కడప ప్రాంతపు పొదల్లో రాత్రివేళ దాని కూతను రికార్డు చేయగలిగింది. సలీం అలీ కాలం చేసిన 38 ఏళ్ల తరువాత కూడా నడక, ఓపిక, చెవి పెట్టి వినడం అనే ఆయన పద్ధతే ఫలించింది.

తీరంలో గుంపుగా నడిచేటప్పుడు

ఆయన మరణించిన 1987లోనే ఆసియా నీటిపక్షుల గణన మొదలైంది. ఏటా జనవరిలో స్వచ్ఛంద బృందాలు చెరువుల్లో, తీరాల్లో పక్షులను లెక్కిస్తాయి. దానికి ముందు వచ్చే కార్తీక, మార్గశిర మాసాలు నేర్చుకునేవారికి అనువైన కాలం. మన రెండు రాష్ట్రాల వారికి కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవులు, సూళ్లూరుపేట వద్ద పులికాట్ సరస్సు, గూడబాతులు గూళ్లు కట్టే నేలపట్టు అందుబాటులో ఉన్నాయి. రాజహంసల పేరిట సూళ్లూరుపేటలో 2001 నుంచి పండుగే జరుపుతున్నారు.

సూర్యలంక వంటి ఇసుక తీరంలో కంటే ఆటుపోట్లకు తడిసి ఆరే బురద నేలల్లో పక్షులు ఎక్కువ. ఆ బురదలోని పురుగులు, నత్తలే వాటి తిండి. నీరు పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు పక్షులు కనుచూపు మేర చెదిరిపోతాయి. పోటు తిరిగి వస్తున్న వేళ నీటి అంచుతో పాటు అవీ ఒడ్డుకు చేరువవుతాయి. కాబట్టి తెల్లవారిందా అని కాక, పోటు ఎప్పుడని అడిగి బయలుదేరాలి. ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఊళ్లోని మత్స్యకారులను అడిగితే నిమిషాలతో సహా చెబుతారు. ఏ బురద కాలు మోపనిస్తుందో, ఏది మోకాలి దాకా దిగేస్తుందో వారికే తెలుసు.

బృందం పది మందికి మించకపోవడం మంచిది. మాసిన రంగు దుస్తులు వేసుకుని, సూర్యుడిని వీపు వెనుక ఉంచుకుని నడవాలి. ఇద్దరు చూస్తే, ఒకరు లెక్కించాలి, ఒకరు రాయాలి. గుంపు పెద్దదైతే పది పక్షులు ఎంత మేర ఆక్రమిస్తున్నాయో చూసుకుని, అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టాలి. ఫొటో కోసం పక్షులను తరమడం మాత్రం తగదు. వేల కిలోమీటర్లు ఎగిరి బక్కచిక్కిన పిట్ట, పోటుకూ పోటుకూ మధ్య దొరికే కొద్ది గంటల్లోనే తిని ఒళ్లు చేసుకోవాలి. మనం ఒకసారి లేపితే దాని నోటి దగ్గరి కూడు తీసినట్టే.

మన చెరువు గట్టు మీద

గుంపుగా నడిచి రాసిపెట్టిన ఆ కాగితాలు ఎందుకు పనికివస్తాయన్న ప్రశ్నకు సమాధానం 2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదికలో ఉంది. 30 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు అందించిన 3 కోట్ల నమోదుల ఆధారంగా 942 జాతుల పరిస్థితిని అది అంచనా వేసింది. దీర్ఘకాలిక ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖం పట్టినట్టు తేలింది. దూర దేశాల నుంచి వచ్చే వలస పక్షులు ఎక్కువగా దెబ్బతిన్న వాటిలో ఉన్నాయి. తగ్గుతున్న పక్షుల్లో మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా ఉంది. దసరా నాడు జమ్మి చెట్టు వద్దకు వెళుతూ పాలపిట్ట కోసం పొలాల వెంట తిరిగే మనకు, అది ఏటికేడు అరుదవుతోందన్న అనుమానం ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు దానికి లెక్క దొరికింది.

అయితే ఆ లెక్క దేశానిది. మన మండలంలో పదేళ్ల క్రితం పాలపిట్టలు ఎన్ని, ఇప్పుడు ఎన్ని అని ఎవరైనా అడిగితే పెద్దల జ్ఞాపకాలే దిక్కు. ఫరహాబాద్ అడవిలో 1931-32లో ఏ పక్షులు ఉండేవో చెప్పగల మనం, మన ఊరి చెరువు మీద పోయిన కార్తీకంలో ఏమి వాలాయో చెప్పలేకపోతున్నాం. తీరానికి వెళ్లే వలస పక్షుల్లో కొన్ని మన చెరువుల్లోనూ దిగుతాయి. నీరు నిండిన గట్టున ఉదయం గంటసేపు నిలబడితే కనిపిస్తాయి.

సలీం అలీకి ఆనాడు ఉద్యోగం లేదు, పెద్ద పట్టా లేదు. కళ్లు, కాళ్లు, ఒక నోటు పుస్తకం మాత్రం ఉన్నాయి. ఆ మూడూ మన బడి పిల్లలకూ ఉన్నాయి. ఈ కార్తీకంలో సముద్ర స్నానానికి వెళ్లే బస్సులో ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకుని, తిరిగి వచ్చాక అదే పుస్తకంతో ఊరి చెరువు గట్టు ఎక్కితే, మరో తొంభై ఏళ్ల తరువాత మన ప్రాంతపు పక్షుల గురించి తెలుసుకోగోరేవారికి మొదటి పేజీ సిద్ధమవుతుంది.